సత్యానికి సాక్షి ఎవరు?

దేవుడి మీద నమ్మకం పోతే మనుషుల మీద నమ్మకం కూడా పోతుందనే వాదం కొత్తది కాదు. దాన్ని దొస్తొయెవ్‌స్కీ 'కరమజోవ్ సోదరులు' నవలలో ఒక పాత్ర మనసులో పెట్టి, దాని పర్యవసానాన్ని హత్య దాకా నడిపించాడు. మన ఊళ్ళలో అదే వాదం చిన్నపిల్లలకు చెప్పే మాటల్లో ఉంది. అబద్ధమాడితే కళ్ళు పోతాయంటాం. అబద్ధమాడితే ఆడపిల్లలు పుడతారని కూడా అంటాం. ఈ రెండో మాటలో సత్యం మీద గౌరవం కంటే స్త్రీ మీద ద్వేషమే ఎక్కువగా ఉన్నా, రెండిటి స్వభావం ఒకటే. మనిషి తనంతట తాను నిజం చెప్పడు, పైనుంచి ఎవరో బెదిరిస్తేనే చెబుతాడు అనేది వాటి సారాంశం.

ఈ వాదాన్ని రచయితలూ సాహిత్య విద్యార్థులూ పట్టించుకోవలసిన కారణం ఉంది. కథలో ఒక మనిషి లంచం కాదన్నప్పుడు, కోర్టులో తన స్నేహితుడికి వ్యతిరేకంగా నిజం చెప్పినప్పుడు, ఆ పని ఎందుకు చేశాడో పాఠకుడికి తెలియాలి. ఆ కారణం కథలోనే, పాత్ర బతుకులోనే దొరకాలి. రచయిత దేవుణ్ణి తెచ్చి అక్కడ నిలబెడితే సమస్య తీరిపోదు, వాయిదా పడుతుంది. కాబట్టి నిజాయితీకి మతం పునాదా, కాదా అనే ప్రశ్న తత్త్వశాస్త్రం ఒక్కదానిదే కాదు. అది పాత్రచిత్రణకు సంబంధించిన ప్రశ్న కూడా.

మొదట హరిశ్చంద్రుణ్ణి తీసుకుందాం. గౌరన ద్విపద కావ్యం నుంచి బలిజేపల్లి లక్ష్మీకాంతకవి నాటకం దాకా తెలుగువాళ్ళు ఈ కథను విడవలేదు. కాటిసీను కోసం రాత్రంతా మేలుకున్న పల్లెలు ఎన్నో. ఆ సీనులోకి నటులు జాషువా శ్మశాన పద్యాలను తెచ్చి కలిపితే ప్రేక్షకులు సొంతం చేసుకున్నారు. ఈ కథను మతం మనకిచ్చిన సత్యబోధగా చెప్పటం ఆనవాయితీ. కాని కథను కథగా చూడండి. ఇందులో దేవతల పక్షం ఎక్కడుంది? వసిష్ఠుడితో పంతం పట్టిన విశ్వామిత్రుడు రాజు చేత అబద్ధమాడించటానికి చెయ్యని ప్రయత్నం లేదు. ఒక్క అబద్ధమాడితే రాజ్యం దక్కుతుంది, భార్య దక్కుతుంది, కొడుకు దక్కుతాడు. దైవశక్తులన్నీ అబద్ధం వైపు లాగుతుంటే మనిషి ఒక్కడే నిజం వైపు నిలబడతాడు. అంటే ఈ కథలో సత్యానికి దేవుడు ఆధారం కాదు. సత్యానికి దేవుడు పరీక్ష పెట్టేవాడు మాత్రమే. చివర్లో దేవతలు ప్రత్యక్షమై మెచ్చుకుంటారు. మెచ్చుకోవాలంటే, ఆ మెచ్చుకున్నది వాళ్ళకంటే ముందే, వాళ్ళతో పనిలేకుండా గొప్పదై ఉండాలి గదా!

చిన్నతనంలో హరిశ్చంద్ర నాటకం చూసి కదిలిపోయిన సంగతి గాంధీ తన ఆత్మకథలో రాసుకున్నాడు. దేవుడే సత్యం అని చాలాకాలం చెప్పిన ఆయన 1931 నాటికి ఆ వాక్యాన్ని తిరగేసి, సత్యమే దేవుడు అన్నాడు. ఇది మాటల మార్పిడి కాదు. మొదటి వాక్యంలో నాస్తికుడికి చోటు లేదు, రెండోదానిలో ఉంది. దీని ఫలితం తరువాత మన తెలుగువాడి ఇంటి పెళ్ళిలోనే కనబడింది. దాని గురించి ముందు చెబుతాను.

అయితే హరిశ్చంద్ర కథను మనం యథాతథంగా నెత్తిన పెట్టుకోవటానికి వీలులేదు. అందులో రెండు లోపాలున్నాయి. ఒకటి, పోయినవన్నీ చివర్లో తిరిగి రావటం. చచ్చిన లోహితుడు లేచి కూర్చుంటాడు, రాజ్యం తిరిగి వస్తుంది. దాంతో అంతసేపు నిస్వార్థంగా కనిపించిన సత్యం చివరకు మంచి వడ్డీ వచ్చిన పెట్టుబడిగా మారిపోతుంది. రెండోది ఇంతకంటే పెద్దది. మాట ఇచ్చింది హరిశ్చంద్రుడు. అమ్ముడుపోయింది చంద్రమతి. పాము కరిచి చచ్చింది ఆమె కొడుకు. ఆ మాట ఇచ్చేటప్పుడు ఆమెను ఎవరూ అడగలేదు. ఒకరి సత్యసంధతకు మరొకరు వెల చెల్లించే వ్యవస్థలో సత్యం అనే మాటకు అర్థం ఏమిటని కాటిసీను చూస్తూ ఏడ్చిన స్త్రీలలో ఎందరు అనుకున్నారో! నిజాయితీని ఆకాశం నుంచి దిగివచ్చిన వ్రతంగా చూస్తే ఈ ప్రశ్న రానే రాదు. మనుషుల మధ్య బాధ్యతగా చూస్తేనే వస్తుంది.

ఇక ప్రమాణం సంగతి. చిత్తూరు జిల్లా కాణిపాకంలో వినాయకుడు సత్యప్రమాణాల దేవుడని ప్రసిద్ధి. తగాదా పడినవాళ్ళు కోనేట్లో మునిగి, తడిబట్టలతో దేవుడి ఎదుట ప్రమాణం చేస్తారు. మతం లేకపోతే నిజాయితీ లేదనేవారు ఇలాంటి ఆచారాలను సాక్ష్యంగా చూపుతారు. ఆచారం ఉన్నమాట నిజమే. అది ఎందుకు పుట్టిందో చూడాలి. చదువు లేని రైతు పొరుగు రైతుకు గింజలు బదులిచ్చాడు. కాగితం లేదు, సాక్షి లేడు. కచేరీకి వెళ్ళే స్తోమత లేదు. అవతలివాడు ఇవ్వలేదన్నప్పుడు వాడికి మిగిలిన ఏకైక దస్తావేజు ఒట్టు. షావుకారుకు ఈ అవసరం లేదు. ఆయన దగ్గర వేలిముద్ర వేసిన ప్రామిసరీ నోటు ఉంది. కాగితం ఉన్నవాడు కోర్టుకు పోతాడు, కాగితం లేనివాడు గుడికి పోతాడు. ఒట్టు వెనక ఉన్నది భక్తి ఒక్కటే కాదు, న్యాయం అందుబాటులో లేకపోవటం కూడా. ఆ షావుకారు చిట్టా, ఆవర్జాల మొదటి పేజీలో శ్రీకారం ఉంటుంది, గల్లాపెట్టె మీద లక్ష్మీదేవి పటం ఉంటుంది. ఆ శ్రీకారం కింద రాసిన అంకెలు నిజమని ఏ అప్పులవాడూ అనుకోడు.

కోర్టుల సంగతి ఇంకా ఆసక్తికరమైనది. మన సినిమాలు చూసినవారికి సాక్షి భగవద్గీత మీద చెయ్యి పెట్టకపోతే విచారణ సాగదనే అభిప్రాయం ఉంటుంది. ఇప్పుడు అమలులో ఉన్న 1969 ప్రమాణాల చట్టంలో ఏ మతగ్రంథం పేరూ లేదు. సాక్షి దేవుడి పేర ప్రమాణం చెయ్యవచ్చు, దేవుడి ఊసు లేకుండా నిష్ఠగా ధ్రువీకరించనూ వచ్చు. రెండూ సమానమే. అదే చట్టంలో మరొక నిబంధన ఉంది. 12 ఏళ్ళ లోపు పిల్ల సాక్ష్యానికి వచ్చినప్పుడు, ఆ పిల్లకు ప్రమాణం అంటే ఏమిటో తెలియదు కాని నిజం చెప్పాలన్న సంగతి తెలుసు అని న్యాయాధికారికి తోస్తే, ప్రమాణం లేకుండానే సాక్ష్యం తీసుకోవచ్చు. ప్రమాణం చెయ్యనంత మాత్రాన నిజం చెప్పవలసిన బాధ్యత తగ్గదు.

ఈ నిబంధనను నేను చాలా విలువైనదిగా భావిస్తున్నాను. శుష్కమైన చట్టభాషలో అది ఒక పెద్ద సంగతిని ఒప్పుకుంది. నిజం చెప్పాలనే తెలివి ముందు వస్తుంది, ప్రమాణం అర్థం కావటం తరువాత వస్తుంది. తల్లితో, తోటిపిల్లలతో, ఆటలో పంపకంలో మెలిగిన పిల్లకు మోసం అంటే ఏమిటో దేవుడంటే ఏమిటో తెలియకముందే తెలుసు. 'తొండి' అనే మాట నేర్చుకోవటానికి ఏ పిల్లకూ మతబోధ అక్కరలేదు.

యూరప్‌లో ఈ వివాదం బహిరంగంగా సాగింది. మతసహనం గురించి రాసిన జాన్ లాక్ 1689లో నాస్తికులను మాత్రం సహించటానికి ఒప్పుకోలేదు. వాగ్దానాలూ ఒప్పందాలూ ప్రమాణాలూ నాస్తికుణ్ణి కట్టిపడెయ్యలేవని ఆయన వాదం. అంతకు ముందే, 1682లో, పియెర్ బేల్ అనే ఫ్రెంచి తాత్త్వికుడు తోకచుక్కల గురించి రాస్తూ, మనుషులు తమ సిద్ధాంతాల ప్రకారం నడుచుకోరనీ, నాస్తికుల సమాజం కూడా సక్రమంగా నడవగలదనీ అన్నాడు. ఈ ఇద్దరిలో ఎవరిది సరైనదో రెండు వందల ఏళ్ళ తరువాత ఇంగ్లండు పార్లమెంటులో తేలింది. 1880లో నార్తాంప్టన్ నుంచి ఎన్నికైన ఛార్లెస్ బ్రాడ్‌లా నాస్తికుడు. దేవుడి పేర ప్రమాణం చెయ్యకుండా ధ్రువీకరణ చేస్తానన్నాడు. ఒప్పుకోలేదు. సరే, ప్రమాణమే చేస్తానన్నాడు. నువ్వు నమ్మవు కాబట్టి అదీ కుదరదన్నారు. పార్లమెంటు గడియారపు గోపురంలో నిర్బంధించారు. ఓటర్లు మళ్ళీ మళ్ళీ ఆయన్నే ఎన్నుకున్నారు. చివరకు 1886లో ఆయనకు చోటు దొరికింది, 1888లో ధ్రువీకరణకు చట్టం వచ్చింది. ఆ మరుసటి ఏడు బొంబాయి కాంగ్రెసు సభకు ఆయన అతిథిగా వచ్చాడు.

ఈ ఉదంతంలోని వ్యంగ్యం గమనించండి. నమ్మకం లేకపోయినా నోరు మెదపకుండా ప్రమాణం చేసినవాడికి ఆ సభ తలుపులు ఏనాడూ మూసుకోలేదు. నాకు నమ్మకం లేదు అని నిజం చెప్పినవాడికే మూసుకున్నాయి. నిజాయితీని కాపాడటానికి పెట్టిన ప్రమాణం ఒక నిజాయితీపరుణ్ణే బయట నిలబెట్టింది. మన రాజ్యాంగం మూడో షెడ్యూలులో పదవీ ప్రమాణానికి రెండు మార్గాలూ ఉన్నాయి. దేవుడి పేరు చెప్పినవారు ఎక్కువ నిజాయితీగానూ, ధ్రువీకరణ చేసినవారు తక్కువ నిజాయితీగానూ ఉన్నారని 1950 తరువాతి మన అనుభవంలో ఎవరైనా చూపగలరా?

సాహిత్యానికి తిరిగి వద్దాం. 1936లో లక్నోలో అభ్యుదయ రచయితల మొదటి మహాసభకు అధ్యక్షత వహించిన ప్రేమ్‌చంద్ ఈ విషయం మీద రెండు కథలు రాశాడు. ఒకటి 'ఉప్పు దారోగా'. ఉద్యోగం వెతుక్కోబోతున్న వంశీధర్‌కు తండ్రి ఉపదేశం చేస్తాడు. జీతం మనుషులిచ్చేది కాబట్టి పెరగదు, పైసంపాదన దేవుడిచ్చేది కాబట్టి అందులో బరకతు ఉంటుందని ఆ ముసలాయన సిద్ధాంతం. దేవుడు నిజాయితీకి పునాది అనేవారికి ఇంతకంటే చురుకైన జవాబు లేదు. లంచానికి కూడా దేవుణ్ణే పునాదిగా వేసుకోవచ్చునని ప్రేమ్‌చంద్ నవ్వుతూ చూపాడు. కొడుకు దొంగ ఉప్పు బళ్ళు పట్టుకుంటాడు, పండిత అలోపీదీన్ ఇవ్వజూపిన వేల రూపాయలు కాదంటాడు, ఉద్యోగం పోగొట్టుకుంటాడు. కాని ముగింపులో అదే అలోపీదీన్ ఇతన్ని తన ఆస్తికి మేనేజరుగా పెట్టుకుంటాడు, ఇతను కృతజ్ఞతతో ఒప్పుకుంటాడు. ఇది నాకు సంతోషకరమైన ముగింపుగా కనిపించదు. అక్రమంగా సంపాదించిన ఆస్తికి కూడా నిజాయితీగల కాపలాదారు కావాలి. వ్యక్తి గుణంగా మిగిలిపోయిన నిజాయితీని ఆస్తిపరుడు జీతానికి కుదుర్చుకోగలడు. హరిశ్చంద్రుడికి దేవతలిచ్చిన బహుమానమే ఇక్కడ జమీందారు చేతుల మీదుగా వచ్చింది.

రెండోది 'పంచ్ పరమేశ్వర్'. జుమ్మన్ పినతల్లి ఆస్తి రాయించుకుని ఆమెకు తిండి సరిగ్గా పెట్టడు. ఆమె పంచాయితీ పెట్టించి, జుమ్మన్ ప్రాణస్నేహితుడు అలగూనే పంచ్‌గా కోరుకుంటుంది. స్నేహం చెడుతుందని న్యాయం చెప్పకుండా ఉంటావా అని ఆమె వేసిన ప్రశ్నకు అలగూ మనసులో జవాబు దొరకదు. తీర్పు ఆమె పక్షాన చెబుతాడు. తరువాత అలగూ ఎద్దు తగాదాలో జుమ్మన్ పంచ్ అవుతాడు. పగ తీర్చుకునే అవకాశం వచ్చినా తీర్పు అలగూ వైపే ఇస్తాడు. పంచ్ నోట దేవుడే పలుకుతాడని కథ పేరు చెబుతుంది. కథ నడక మాత్రం వేరే సంగతి చెబుతుంది. ఒకడు హిందువు, ఒకడు ముస్లిము. ఇద్దరి మతాలూ వేరు, కూర్చున్న చోటు మాత్రం ఒకటే. ఊరంతా తనను నమ్మి కూర్చోబెట్టిందన్న స్పృహ వాళ్ళను మార్చింది. ఆ స్పృహకు ఆనాటి పల్లె భాషలో దొరికిన పేరు పరమేశ్వరుడు. మన తెలుగులోనూ చూడండి. దేవుడి మీద ఉండేదీ నమ్మకమే, మనిషి మీద ఉండేదీ నమ్మకమే. కాని 'నమ్మకస్తుడు' అంటే దేవుణ్ణి నమ్మేవాడని ఎవరూ అనుకోరు. పదిమంది నమ్మదగినవాడని అర్థం. భాష తన తీర్పు ఎప్పుడో చెప్పేసింది.

గురజాడ ఇంకా ముందుకు వెళ్ళాడు. 'కన్యాశుల్కం'లో వేదం వచ్చిన అగ్నిహోత్రావధాన్లు కూతుళ్ళను అమ్ముకుంటాడు. లుబ్ధావధాన్లు కొనుక్కుంటాడు. గిరీశం నోట ఏ సిద్ధాంతం కావాలంటే ఆ సిద్ధాంతం పలుకుతుంది. నీతికి ప్రతినిధిగా ఉన్న సౌజన్యారావు పంతులు మంచివాడే, కాని ఆయన మంచితనానికి వేశ్యను మనిషిగా చూసే చూపు లేదు. ఈ జనం మధ్య మాట మీద నిలబడ్డది మధురవాణి. 1909 నాటి ప్రతిలో చివరి అంకం చూడండి. అక్కడ భగవద్గీత ప్రస్తావన వస్తుంది. ఆ పుస్తకం మనిషిని బాగుచేస్తుందని సౌజన్యారావు నమ్మకం. కాని ముద్దు విషయంలో మధురవాణిని వెనక్కు లాగింది పుస్తకం కాదు. చెడనివాణ్ణి చెడగొట్టవద్దని తల్లి చెప్పిన మాట. ఆ తల్లి కూడా వేశ్యే. సంఘం నీతిబాహ్యులని వెలివేసినవాళ్ళ మధ్య తల్లి నుంచి కూతురికి అందిన ఒక వృత్తిధర్మం పండితుల ధర్మశాస్త్రం కంటే గట్టిగా నిలిచింది. పుస్తకాన్నీ తల్లి మాటనూ ఒకే రంగంలో పెట్టటం గురజాడ యాదృచ్ఛికంగా చేసిన పని అనుకోలేను.

ఇక గోరా. గోపరాజు రామచంద్రరావు నాస్తికత్వం వల్ల కళాశాల ఉద్యోగం పోగొట్టుకున్నాడు. కృష్ణా జిల్లా ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం పెట్టాడు, 1947లో దాన్ని విజయవాడకు మార్చాడు. నాకు దేవుడున్నాడు అని ఒక్క అబద్ధం ఆడితే ఉద్యోగం నిలిచేది. హరిశ్చంద్రుడి ముందున్న షరతే ఇది. కాకపోతే చివర్లో వచ్చి ఆదుకునే దేవతలు ఈయనకు లేరు. ఉంటారని ఈయన అనుకోనూ లేదు. సేవాగ్రాంలో గాంధీతో జరిగిన సంభాషణలను గోరా పుస్తకంగా రాశాడు, నవజీవన్ వారు దాన్ని 1951లో అచ్చువేశారు. గోరా కూతురికీ ఒక దళిత యువకుడికీ సేవాగ్రాంలో పెళ్ళి చెయ్యటానికి గాంధీ ఒప్పుకున్నాడు. ఆ పెళ్ళి ప్రమాణంలో దేవుడి పేరుకు బదులు సత్యం పేరు ఉండటానికీ ఒప్పుకున్నాడు. గాంధీ హత్య జరిగిన కొద్ది వారాలకు, 1948 మార్చిలో, ఆ పెళ్ళి జరిగింది. మహాభక్తుడూ మహానాస్తికుడూ కలుసుకోగలిగిన చోటు సత్యం. అది మతం సొత్తయితే ఆ కలయిక సాధ్యమయ్యేది కాదు.

ఇక్కడ ప్రతివాదిని వినాలి. ఎవరూ చూడనప్పుడు నిజాయితీగా ఎందుకుండాలి అని అడుగుతారు. ఇది బలమైన ప్రశ్నే. భక్తుడికి ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు గదా అంటారు. కాని ఆ చూసేవాణ్ణి భక్తుడు ముడుపులతో ప్రసన్నం చేసుకునే ఆచారం కూడా మతంలోనే ఉంది. హుండీలో భాగం పంచుకునే దేవుడు మంచి సాక్షి కాలేడు. పైగా, చూస్తున్నారనే భయంతో చేసేది నిజాయితీ కాదు, జాగ్రత్త. అయితే ఇంకొక సంగతి కూడా ఒప్పుకోవాలి. దగాపడిన పేదవాడు దేవుడున్నాడులే అన్నప్పుడు, తానూ దగా చెయ్యకుండా ఆగిపోవటానికి ఆ మాట ఊతమవుతుంది. దాన్ని వెక్కిరించటం అభ్యుదయం కాదు. ఊతకర్రను లాగేసే ముందు కాలు బాగయ్యే ఉపాయం చూడాలి.

అలాగని నిజాయితీ తనంతట తాను నిలబడుతుందనే మాట కూడా నాకు సగం నిజంగానే తోస్తుంది. అది గాలిలో నిలబడదు. ఒకరి పొలంలో ఒకరు బదులు పనికి వెళ్ళేచోట, పదిమంది ఒకే తాడు పట్టుకుని లాగేచోట, అబద్ధమాడినవాడు వెంటనే తెలిసిపోతాడు. అక్కడ నిజం చెప్పటం పనిలో భాగం. సరుకు ఒకచోట తయారై, ధర మరొకచోట నిర్ణయమై, లాభం ఇంకొకచోటికి పోయేచోట అబద్ధం వ్యాపార సూత్రమవుతుంది. రావిశాస్త్రి 'మాయ' కథలో సారా కేసు ముద్దాయి ముత్యాలమ్మ కుర్ర వకీలుకు లోకం నడిచే తీరు చెబుతుంది. ప్రమాణాలు చేసి సాక్ష్యాలు చెప్పే కోర్టులో దొరకని నిజం ఆమె మాటల్లో దొరుకుతుంది. నిజం చెప్పే గుణం ఉన్నవాళ్ళు లేక కాదు, ఆ నిజానికి బోనులో చోటు లేక. నిజాయితీకి కావలసింది దేవుడు కాదు. నిజం చెప్పి బతకగలిగిన మనుషుల మధ్య సంబంధాలు.

చివరిగా మన పక్షం గురించి ఒక మాట. దేవుణ్ణి దించిన పీఠం మీద మరొకదాన్ని కూర్చోబెట్టే ప్రమాదం ఉంది. 1936 నుంచి 1938 దాకా మాస్కో విచారణలలో విప్లవకారులు చెయ్యని నేరాలు చేశామని ఒప్పుకున్నారు. చరిత్ర తీర్పు పేరుతో ఆ అబద్ధాలను ప్రపంచమంతటా ఎందరో రచయితలు సమర్థించారు. 1956లో క్రుశ్చేవ్ నివేదిక వచ్చాక గాని వారిలో చాలామందికి నోరు పెగలలేదు. దేవుడికి భయపడి చెప్పిన నిజం ఎంత బలహీనమైనదో, పార్టీకి ఉపయోగమని చెప్పిన అబద్ధమూ అంత ప్రమాదకరమైనదే. రెండింటిలోనూ నిజం స్వయంగా విలువైనది కాదు, ఎవరి మెప్పుకో చేసే కైంకర్యం. శ్రామికవర్గానికి అబద్ధంతో పనిలేదు. ఉన్న స్థితి ఉన్నట్టుగా తెలియటమే దానికి మొదటి ఆయుధం.

1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభ జరిగినప్పటి నుంచి వాస్తవికతను గురించి మనం ఎంతో రాశాం. వాస్తవికత అంటే శిల్పపద్ధతి కంటే ముందు నిజాయితీ. తోటి రచయిత పుస్తకం బాగాలేనప్పుడు మనవాడు గదా అని మెచ్చుకోవటం, ప్రత్యర్థి పుస్తకం బాగున్నప్పుడు చూడనట్టు ఊరుకోవటం చిన్న అబద్ధాలుగా కనిపిస్తాయి. కాని అలగూ ముందున్నదీ ఇంతే చిన్న సందర్భం. ఒక ముసలమ్మ తిండి తగాదా, ఒక స్నేహం. మనల్నీ పాఠకులు నమ్మి కూర్చోబెట్టారు. పినతల్లి వేసిన ప్రశ్న మన ముందూ ఉంది. దానికి జవాబు చెప్పటానికి పరమేశ్వరుడు దిగి రానక్కరలేదు. అడిగిన మనిషి ఎదుటే ఉంది.